కేకు బోర్లించి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు కేకు బోర్లించి చూడు అని ఎందుకు అనలేదంటే, వాళ్లకు మా పెద్దత్తయ్య తెలియదు కాబట్టి.

నిన్న సాయంత్రం జరిగిన సంగతి ఇది. మంట ఇంకా చల్లారలేదు కనుక ముందున్నదంతా గబగబా చెప్పేస్తాను. ఈ క్రిస్మస్‌కు కేకు కొనవద్దు, ఇంట్లోనే చేసుకుందాం అని మా అత్తగారు ప్రకటించారు. చేసుకోవడంలో ఆవిడ వాటా ఆ ప్రకటనతో పూర్తయింది. వంటకం వాళ్ల అక్కగారిది, అంటే మా పెద్దత్తయ్యది. ఆవిడ ఫోనులో చెప్పారు, నేను రాసుకున్నాను. మైదా జల్లించాను, వెన్న గిలక్కొట్టాను, గుడ్లు కలిపాను, ఓవెన్‌లో పెట్టాను, తీశాను. కేకు బ్రహ్మాండంగా పొంగింది. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ వాసన వీధి గుమ్మం దాకా వెళ్లింది. ఇంతవరకు నాకు ఎవరిమీదా ఫిర్యాదు లేదు.

లేకపోవడమేమిటి, ఉంది. పెద్దత్తయ్య వంటకం చెప్పే పద్ధతి మీద ఉంది.

"పండ్లు నానబెట్టుకో అమ్మాయ్" అన్నారు. ఎప్పటినుంచి అని అడిగాను. "ముందునుంచి" అన్నారు. ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ చర్చి సంప్రదాయం పాటించే ఇళ్లలో ఆగమన కాలం, అంటే క్రిస్మస్ కోసం ఎదురుచూసే వారాలు, మొదలవడానికి ముందు వచ్చే ఆదివారం నాడే ఎండుపండ్ల క్రిస్మస్ పుడ్డింగ్ కలపడం మొదలుపెట్టి, ఇంటిల్లిపాదీ తలా ఒకసారి గరిటె తిప్పుతారు. అంటే పండుగకు దాదాపు నెల ముందే. ఆ లెక్కన నాకు ఆవిడ ఫోను చేసే సమయానికే "ముందు" దాటిపోయింది. ఎండుద్రాక్ష, ఖర్జూరం, చెర్రీలు నారింజ రసంలో వేసి సన్నని సెగ మీద కొద్దిసేపు ఉడికించి చల్లార్చి, నెల రోజుల పనిని సాయంత్రానికల్లా ముగించాను. ఈ అడ్డదారి పెద్దత్తయ్యకు తెలియదు, తెలియకూడదు.

"పంచదార మాడ్చు" అన్నారు. ఎంతవరకు? "మాడిపోకుండా." దీన్ని వేదాంతం అనుకుని ఊరుకోవచ్చు గానీ, పొయ్యి మీద గిన్నె పెట్టుకున్న మనిషికి వేదాంతం పనికిరాదు. పంచదార 170 డిగ్రీల దరిదాపుల్లో కరిగి రంగు తిరుగుతుంది. అక్కడినుంచి తేనె రంగు, రాగి రంగు, ముదురు గోధుమ రంగు వరుసగా దాటుకుంటూ చేదులోకి దిగడానికి దానికి పట్టే సమయం మనం ఫోను ఎత్తి "చెప్పండి పెద్దత్తయ్యా" అనేంత. ఆపైన వేడినీళ్లు పోయాలి, పోసేటప్పుడు మొహం దూరంగా పెట్టుకోవాలి, ఎందుకంటే అది భగ్గున చిమ్ముతుంది. ఈ రెండో ముక్క ఆవిడ చెప్పలేదు. నా చెయ్యి చెప్పింది.

కొలతలు గ్లాసుల్లో చెప్పారు. ఏ గ్లాసు అంటే "మన గ్లాసు" అన్నారు. ఆ మన గ్లాసు ఆవిడ ఇంట్లో ఉంది. చివరికి 200 గ్రాముల వెన్న, 200 గ్రాముల పంచదార, 4 గుడ్లు, 250 గ్రాముల మైదా, 400 గ్రాముల ఎండుపండ్లు అని నేనే ఒక లెక్క కట్టుకున్నాను. ఓవెన్ వేడి "మధ్యస్థంగా" అన్నారు. పండ్లు దట్టంగా వేసిన కేకుకు 150, 160 డిగ్రీల మధ్య నిదానపు వేడి కావాలి. మామూలు కేకులాగా 180లో పెడితే పైన నల్లబడి లోపల పచ్చిగా మిగులుతుంది. ఇదీ నేను వెతుక్కున్నదే. మరి తరతరాల వంటకంలో తరాలవాళ్లు చెప్పింది ఏమిటి అంటే, అందులో చివరి వాక్యం ఒక్కటి: "చల్లారాక గిన్నె బోర్లించు, వచ్చేస్తుంది."

చల్లారింది. బోర్లించాను. రాలేదు.

ఆ గిన్నె పక్కింటి వదినగారిది. అడుగున వెన్న రాశాను, పిండి చల్లాను, పైన ఒక పళ్లెం మూసి తలకిందులు చేశాను. లోపలినుంచి చప్పుడు లేదు. అత్తగారు వచ్చి వేలితో తట్టారు. మా మరిది ఊపమన్నాడు. పిల్లలు చెవి ఆనించి విని "లోపల ఉంది" అన్నారు. ఎక్కడికి పోతుంది! నానిన పండ్లు బరువుకు పిండిలో మునిగి అడుగుకు చేరాయి, వాటి తీపి గిన్నె లోహానికి అంటుకుంది, చల్లారేకొద్దీ గట్టిపడి పట్టు బిగించింది. మా ఆయన స్టూలు మీద నిలబడి కిటికీకి నక్షత్రం కడుతున్నారు. అక్కడినుంచే వెనక్కి తిరగకుండా, "అడుగు కాస్త వేడి చెయ్యి, పాకం కరుగుతుంది" అన్నారు. వంటగదికి ఏడాదికి ఒకసారి వచ్చే మనిషి చెప్పిన మాట సరైనది కావడం ఎంత కష్టంగా ఉంటుందో మీకు తెలియంది కాదు.

వేడి చేశాను. మళ్లీ పళ్లెం మూసి, గుడ్డతో పట్టుకుని, బోర్లించాను. ఒక పక్క జర్రున జారింది. రెండో పక్క జారలేదు.

అదీ పరిస్థితి. గిన్నెలో సగం, గాలిలో సగం. వెనక్కి తిప్పితే జారిన పక్క విరుగుతుంది. ఊపితే అంటుకున్న పక్క విరుగుతుంది. కింద పెడదామంటే బల్ల మీద బిస్కెట్ల పళ్లేలు, రంగు కాగితాలు, కత్తెర, జిగురు, నక్షత్రం తాలూకు తీగలు, అన్నీ కొలువుదీరి ఉన్నాయి. కాబట్టి రెండు చేతులతో పళ్లాన్నీ గిన్నెనూ అదిమి పట్టుకుని, కదలకుండా, పాకం కరగడం కోసం నిలబడ్డాను.

అప్పుడు గంట మోగింది.

తలుపు తీయగలిగినవాళ్లు ఇంట్లో ఎందరున్నారో ఒకసారి చూద్దాం. మా ఆయన చేతిలో దీపాల తీగ, కాలి కింద స్టూలు. అత్తగారికి మోకాళ్లు, అవి ముఖ్యంగా గంట మోగినప్పుడు నొప్పెడతాయి. మరిది అప్పటిదాకా ఇక్కడే ఉన్నాడు. పిల్లలు "అమ్మా, ఎవరో వచ్చారు" అని సమాచారం అందించారు, వాళ్ల బాధ్యత అంతవరకే. నేనే వెళ్లాను. మోచేత్తో గడియ తీశాను.

గుమ్మంలో క్యారల్స్ బృందం. ముందు తెల్లచొక్కా వేసుకున్న పెద్దాయన, ఆయన వెనుక గిటారు, గిటారు వెనుక తంబురీన్, ఆ వెనుక గొంతులు. నేను నోరు తెరిచేలోపు పెద్దాయన చూపు నా చేతుల మీద పడింది. పళ్లెం, దాని మీద మూత, రెండు చేతులతో భక్తిగా పట్టుకున్న ఇల్లాలు. ఆయన మొహం వెలిగిపోయింది. వెనక్కి తిరిగి తలూపారు. పాట మొదలైంది.

పాట మొదలయ్యాక ఏమీ చెప్పలేం కదా. కదలకూడదు, లోపలికి పోకూడదు, ఆపండి అనకూడదు. పైగా ఎత్తుకున్నది ఆ ప్రశాంత రాత్రి పాట, అదే "సైలెంట్ నైట్". 1818 డిసెంబర్ 24న ఆస్ట్రియాలోని ఒబెర్న్‌డోర్ఫ్‌లో దాన్ని మొదటిసారి పాడారు. రాసినది యోసెఫ్ మోర్ అనే యువ పూజారి, బాణీ కట్టినది ఫ్రాంజ్ గ్రూబర్ అనే బడిపంతులు. ఇద్దరూ గిటారుతోనే పాడారట. చక్కటి పాట, నాకు ప్రాణం. కానీ మూలంలో దానికి ఆరు చరణాలున్నాయి. మామూలుగా ఎవరైనా మూడు పాడి వదిలేస్తారు. ఈ బృందం వదిలే రకం కాదని రెండో చరణం తీరు చూడగానే తెలిసిపోయింది, వాళ్లు ప్రతి పాదాన్నీ రెండుసార్లు పాడుతున్నారు. ఒబెర్న్‌డోర్ఫ్‌లో ఆ రాత్రి వాళ్ల ఎదురుగా బోర్లించిన కేకు గిన్నెతో ఎవరూ నిలబడి ఉండరు. ఉంటే మోర్ గారు రెండు చరణాలతో సరిపెట్టేవారు.

1647లో ఇంగ్లండ్ పార్లమెంటు క్రిస్మస్ పండుగనే రద్దు చేసింది. చిన్నప్పుడు ఆ సంగతి చదివి, ఇంత రసహీనులు కూడా ఉంటారా అని వాళ్లను తిట్టుకున్నాను. నిన్న గుమ్మంలో, చేతులు లాగుతుండగా, ఆ సభ్యుల్లో ఎవరికైనా ఒక పెద్దత్తయ్య ఉండి ఉండవచ్చు కదా అనిపించింది.

గిన్నె వేడి గుడ్డలోంచి వేళ్లకు తగులుతోంది. నేను చిరునవ్వు నవ్వుతున్నాను. క్యారల్స్ ముందు నిలబడ్డ మనిషి నవ్వాలి, అదొక చట్టం. గిటారు అబ్బాయి నా నవ్వు చూసి ఉత్సాహపడి మరింత నెమ్మదిగా వాయించాడు. లోపల పాకం తన పని తాను చేసుకుంటోంది, సన్నగా ఏదో వదులుతున్న చప్పుడు నా అరచేతులకు తెలుస్తోంది. ఇంతలో పాట ఆ పైస్థాయికి వెళ్లింది, చరణం చివర గొంతులన్నీ కలిసి ఎక్కే చోటు ఉంటుంది చూడండి, అక్కడికి. అందరూ కళ్లు మూసుకున్నారు.

ధబ్.

ఎవరూ ఏమీ చూడలేదు, మూత మూసే ఉంది. తంబురీన్ అమ్మాయి మాత్రం కళ్లు తెరిచి తన వాయిద్యం వంక అనుమానంగా చూసుకుంది.

చరణాలు అయ్యాక ప్రార్థన. పెద్దాయన చేతులెత్తి ఈ గృహాన్ని, గృహస్థుణ్ని, స్టూలు దిగని ఆ గృహస్థుడి ప్రయాసను, పిల్లల చదువులను వరుసగా ప్రభువుకు అప్పగించి, చివరికి నా దగ్గరికి వచ్చి కొద్దిగా తడబడ్డారు. "ఈ సోదరి తన చేతులలో ఏమి పట్టుకొని నిలిచియున్నదో అది నీవు ఎరుగుదువు ప్రభువా" అన్నారు. ఆమెన్ అన్నాను, అందరికంటే గట్టిగా.

గిన్నె ఎత్తక తప్పలేదు. బృందమంతా మెడలు చాచింది. పళ్లెంలో కేకు ఉంది, నిజానికి చాలామటుకు ఉంది. పండ్లున్న భాగం మాత్రం పళ్లెం దాకా రావడానికి ఒప్పుకోక గిన్నెలోనే ఉండిపోయింది. పళ్లెంలో మిగిలినది నడుమ గుంటపడి, అంచులు పగిలి, ఏ వంటకమో పోల్చుకోలేని స్థితిలో ఉంది. "ఇది ఏమిటమ్మా?" అన్నారు పెద్దాయన, ఎంతో గౌరవంగా.

"పుడ్డింగ్" అని వెనుకనుంచి జవాబు వచ్చింది. మోకాళ్ల నొప్పి మర్చిపోయి అత్తగారు గుమ్మం దాకా వచ్చేశారు. "స్పూనుతో తినాలి." క్షణంలో గిన్నెలు, స్పూన్లు, మిగిలిన పంచదార పాకం, అన్నీ వాటంతటవే వచ్చాయి. మరిది కూడా వచ్చాడు. అందరూ తిన్నారు, మళ్లీ పెట్టించుకున్నారు. బృందంలో ఒకావిడ ఎలా చేశారో చెప్పమంటే, "మా అక్కది, మా ఇంట్లో తరతరాలుగా వస్తోంది" అన్నారు అత్తగారు. వస్తోందట! రాలేదనే కదా ఇంత గొడవ.

వాళ్లు వెళ్లగానే పెద్దత్తయ్యకు ఫోను చేశాను.

"అడుగున బటర్ పేపర్ వేయలేదా?" అన్నారు.

"మీరు చెప్పలేదు కదా పెద్దత్తయ్యా."

"అది కూడా చెప్పాలా?"

"పండ్లు అడుగుకు దిగిపోయాయి."

"రసం వడకట్టి, పొడిపిండి పట్టించి వేయాలి. పిండి కూడా కాస్త గట్టిగా కలుపుకోవాలి. అది కూడా చెప్పాలా అమ్మాయ్?"

ఇంకా ఏమైనా చెప్పనివి మిగిలాయా అని వినయంగా అడిగాను. "చెప్పకపోవడమేమిటి, అంతా చెప్పేశాను" అని, కొత్త సంవత్సరానికి అల్లం బిస్కెట్లు చేయమని, అవి ఇంకా సులువని, చిన్నమంట మీద తగినంతసేపు అని ఏదో మొదలుపెట్టారు. సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను.

ఇక గిన్నె. పిల్లలు గీకి తినగలిగినంత తిన్నారు. మిగతాది రాయిలా ఉంది. వేడినీళ్లు పోసి సింకులో పెట్టాను. ఇందాక పక్కింటి వదినగారు గోడ మీదుగా పలకరించి, గిన్నె పని అయిందా అన్నారు. నానబెట్టానండీ అన్నాను. ఆవిడ పండ్లనుకున్నారు. రోజూ ఒకసారి కలుపుతూ ఉండండి, ఎంత నానితే అంత రుచి అని చెప్పి లోపలికి వెళ్లిపోయారు.