దుక్కిలో రైతు ఎక్కడ?

ఫ్రెంచ్ చిత్రకారిణి రోజా బోనర్ 1849లో గీసిన ‘నివర్నేలో దుక్కి’ (నివర్నే ఫ్రాన్స్‌లో ఒక ప్రాంతం) ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. రెండున్నర మీటర్లకు పైగా వెడల్పున్న ఆ బొమ్మ మీద బాబాయ్‌కీ శిరీషకీ జరిగిన గొడవ ఇది.

బాబాయ్: ముందు అందులో మనుషుల్ని వెతుకు. నాగలికి ఆరు చొప్పున రెండు నాగళ్లకి 12 ఎద్దులు, వాటి తెల్లటి ఒళ్లు, గంగడోళ్లు అన్నీ ఎండకి మెరిసిపోతున్నాయి. దున్నేవాడు మాత్రం వాటి వెనక ఎక్కడో నక్కాడు. 1848లో పారిస్ జనం రాజుని దింపేశారు, జూన్‌లో కూలీలు తిరగబడితే సైన్యం కాల్చి అణిచేసింది, ఆ ఏడే ప్రభుత్వం ఈ బొమ్మకి ఆర్డరిచ్చింది. ఎందుకివ్వదూ, ఎద్దులు వీధుల్లోకి రావుగా!

శిరీష: సర్కారు డబ్బిస్తే బొమ్మ అబద్ధమైపోతుందా? నువ్వు నెత్తిన పెట్టుకునే రైతుల చిత్రకారుడు మిలే కూడా ఆవును మేపే ఆవిడ బొమ్మని ప్రభుత్వ ఆర్డర్ మీదే గీశాడు, పారిస్‌లో జరిగే పెద్ద చిత్రప్రదర్శన సలోన్‌లో 1859లో పెట్టాడు.

బాబాయ్: గీశాడు, కానీ ఆవిడ ఆవు చాటున దాక్కోలేదు. 1863లో అదే సలోన్‌లో పార మీద వాలిపోయిన కూలీని చూపిస్తే, వీడు మనిషా మృగమా అన్నారు, మిలేని సోషలిస్టు అన్నారు. బోనర్ ఎద్దుల్ని చూసి ఎవరికైనా టెన్షన్ వచ్చిందా? ఇంకో ఫ్రెంచ్ చిత్రకారుడు కాన్‌స్టాన్ ట్రోయాన్ సంగతీ అంతే. 1847లో హాలండ్ వెళ్లి పాతకాలపు డచ్ చిత్రకారుడు పౌలుస్ పోటర్ పశువుల బొమ్మలు చూసొచ్చాక అటే తిరిగిపోయాడు, కొనేవాళ్లకి కొదవ లేదు.

శిరీష: ట్రోయాన్‌ని వదిలెయ్, పొద్దున్నే పనికి వెళ్లే ఎద్దుల్ని 1855లో ఎంత బాగా గీసినా నా వాదన ఆయన గురించి కాదు. బోనర్ పశువుల ఒళ్లు తెలుసుకోడానికి కబేళాలకి వెళ్లింది, ప్యాంటు వేసుకోడానికి పోలీసుల దగ్గర పర్మిషన్ తీసుకుంది. అంత చేసింది అందం కోసమేనా? ముందున్న ఆ బెడ్డలు చూడు, ఒక్క నాగలికి ఆరు ఎద్దులు కావాలంటే నేల ఎంత గట్టిదో తెలియట్లా? అక్కడ కష్టం ఎద్దులది కూడా.

బాబాయ్: కూడా అన్నావు చూడు, అక్కడే ఉంది తిరకాసు.

శిరీష: మరి మిలే దూడ? పొలంలో పుట్టిన దూడని ఇద్దరు మోతకట్టె మీద ఇంటికి తెస్తుంటే తల్లి ఆవు దాన్ని ఆనుకుని నడుస్తుంది. 1864 సలోన్‌లో, దేవుణ్ణి ఊరేగిస్తున్నట్టుందని నవ్వారు. బరువు మోసేవాళ్ల నడక ఆ బరువును బట్టే ఉంటుందని మిలే జవాబు. అంటే ఆయనా మనిషిని పశువు బరువుతోనే చూపించాడు.

బాబాయ్: నేననేదీ అదే, అక్కడ మోసే చేతులు కనపడుతున్నాయి. బోనర్ బొమ్మలో నాగలి పట్టిన చేతులేవి?

శిరీష: ఎద్దుల వెనక ఉన్నాయి. దున్నేవాడు ఎద్దుల ముందు నడుస్తాడా బాబాయ్?