మేస్త్రీ లేని గుంపు

కొన్ని నెలల క్రితం హైదరాబాదు నుంచి మా మేనబావ మహబూబ్‌నగర్‌లోని మా ఇంటికి వచ్చాడు. ఆయనకు పాత రికార్డులంటే ప్రాణం. ఏళ్ల తరబడి జుమ్మేరాత్ బజారులో వెతికి కొన్న హిందీ, తెలుగు సినిమా రికార్డులు ఆయన ఇంట్లో ఒక గోడ నిండా ఉన్నాయి. నా గదిలో ఉన్నవి మాత్రం స్ట్రాటా-ఈస్ట్ అనే ఒక చిన్న అమెరికన్ జాజ్ కంపెనీ వెలువరించిన ఇరవై మూడు ఎల్పీలు. ఆయన వాటిని ఒక్కొక్కటే బయటికి తీసి, వెనక అట్ట చదివి, జాగ్రత్తగా లోపల పెట్టి, చివరికి, "బావా, నాలుగే అసలువి ఉన్నయి. మిగిలినయన్నీ రీఇష్యూలే, అవి లెక్కకు రావు" అన్నాడు. ఆయన మాటలో ఎగతాళి లేదు. తొలిసారి అచ్చయిన ప్రతే, అంటే మొదటి ప్రెస్సింగే అసలుదని, తర్వాత మళ్లీ అచ్చు వేసిన రీఇష్యూ దానికి సాటిరాదని రికార్డులు సేకరించేవారిలో చాలామంది నమ్మేదే ఆయనా చెప్పాడు. కానీ ఈ ఒక్క కంపెనీ విషయంలో ఆ నమ్మకం తప్పని, మొదటి ప్రెస్సింగ్ కోసం లక్షలు పోసేవారికంటే సక్రమమైన ఒప్పందంతో వచ్చిన రీఇష్యూ కొనేవారే ఈ కంపెనీ ఉద్దేశానికి ఎక్కువ న్యాయం చేస్తున్నారని నేను అనుకుంటున్నాను. ఆ రోజు మాటల్లో సరిగా చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

స్ట్రాటా-ఈస్ట్‌ను 1971లో న్యూయార్క్‌లో ఇద్దరు సంగీతకారులు స్థాపించారు. ఒకరు ట్రంపెట్ వాయించే చార్లెస్ టాలివర్, మరొకరు పియానో వాయించే స్టాన్లీ కవెల్. ఇద్దరూ 1967లో డ్రమ్మర్ మాక్స్ రోచ్ బృందంలో కలుసుకున్నారు. 1970 నవంబరులో ఒక పెద్ద బృందాన్ని కూర్చుకొని రికార్డు చేసిన సంగీతాన్ని చేతపట్టుకొని కంపెనీల చుట్టూ తిరిగితే ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు దానిని తామే అచ్చు వేయించి, తామే అమ్ముకున్నారు. డెట్రాయిట్‌లో పియానిస్టు కెన్నీ కాక్స్ వంటివారు అప్పటికే స్ట్రాటా పేరుతో ఒక సంస్థ నడుపుతుండగా, దానికి తూర్పు కొమ్మ అన్న అర్థంలో స్ట్రాటా-ఈస్ట్ అనే పేరు వచ్చింది. ఆ దశాబ్దంలో ఈ ఇద్దరి చేతుల మీదుగా యాభైకి పైగా ఆల్బములు వెలువడ్డాయి.

ఈ కంపెనీలో విశేషమంతా దాని పద్ధతిలో ఉంది. ఆ రోజుల్లో మామూలుగా కంపెనీ సంగీతకారుడికి ఒక మొత్తం ఇచ్చి వాయింపించుకునేది, ఆ వాయింపు నిండిన మాస్టర్ టేపు ఇక కంపెనీ సొత్తు అయ్యేది, ఆ తర్వాత అది ఎన్నిసార్లు అమ్ముడుపోయినా టేపు మీద వాయించినవాడికి హక్కు ఉండేది కాదు. స్ట్రాటా-ఈస్ట్‌లో సంగీతకారుడు తన ఖర్చుతో, తన ఇష్టప్రకారం రికార్డు చేసుకొని, సిద్ధమైన టేపు తెచ్చేవాడు. అచ్చు వేయించి బజారుకు చేర్చడం కంపెనీ పని. టేపు మాత్రం వాయించినవాడిదే, అమ్మకాల్లో పెద్ద వాటా కూడా వాయించినవాడిదే.

ఈ తేడాను నేను పుస్తకాల్లో చదువుకొని తెలుసుకున్నానే గానీ, అది నా మనసుకు అందేలా చెప్పింది మా నాయిన. ఆయన పదిహేడో ఏట మక్తల్ దగ్గరి మా ఊరి నుంచి ఒక గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకొని వలస పోయాడు. పాలమూరు లేబర్ అన్న పేరుతో దేశమంతా కాలువలు తవ్వి, ఆనకట్టలు కట్టిన వేలమందిలో ఆయన ఒకడు. ఎంత మన్ను మోశాడో, అందుకు ఎంత కూలి రావాలో మేస్త్రీ పుస్తకంలో ఉండేది, ఆ పుస్తకాన్ని నాయిన ఏనాడూ తెరిచి చూడలేదు. పని అయిపోయాక అక్కడ నిలబెట్టిన శిలాఫలకం మీద ఎవరెవరి పేర్లో ఉండేవి, మట్టి మోసినవారి పేరు ఒక్కటీ ఉండేది కాదు.

కొన్నేళ్ల క్రితం ఒక సాయంత్రం క్లిఫర్డ్ జోర్డన్ చేసిన 'గ్లాస్ బీడ్ గేమ్స్' వింటున్నాను. నాయిన నవారు మంచం మీద కూర్చొని ఒక వైపంతా విని, "పాడేటోడు ఎవ్వడూ లేడు గదరా ఇండ్ల?" అని అడిగాడు. లేడని చెప్పి, అట్ట చూపించి, ఎవరు ఏం వాయించారో వేలు పెట్టి చూపించాను. అది 1974లో వచ్చిన రెండు ఎల్పీల జత. శాక్సఫోన్ జోర్డన్‌ది, డ్రమ్ముల మీద అంతటా బిల్లీ హిగిన్స్, కొన్ని పాటలకు కవెల్ పియానో, బిల్ లీ బేసు, మిగతావాటికి సీడర్ వాల్టన్ పియానో, శామ్ జోన్స్ బేసు. నాయిన అన్నీ విని, "మరి పైసలు ఎవరికి పోతయి?" అన్నాడు. టేపు వాయించినోళ్లదే, కంపెనీ నడిపేది కూడా వాయించేటోళ్లే అని చెప్పాను. కొంచెం సేపు ఆలోచించి, "అంటే మేస్త్రీ లేని గుంపు అన్నట్టు" అన్నాడు. ఆ కంపెనీ గురించి నేను చదివిన వ్యాసాలేవీ ఇంత సూటిగా చెప్పలేదు.

ఆ రికార్డుల్లోని సంగీతం కూడా మేస్త్రీ లేని సంగీతమే అని నాకు అనిపిస్తుంది. 1973లో వచ్చిన 'హ్యాండ్‌స్కేప్స్'లో ఏడుగురు పియానిస్టులు ఒకే వేదిక మీద కూర్చొని వాయించారు. ఏడు పియానోలకు చోటు, ఖర్చు, సర్దుబాటు ఎంత కావాలో లెక్క వేసే పెద్ద కంపెనీ ఏదీ దానికి ఒప్పుకొని ఉండదు. సెసిల్ మెక్‌బీ 'ముతిమా'లో మొదటి పాటకు తానొక్కడే రెండు బేసులను ఒకదాని మీద ఒకటి రికార్డు చేసుకున్నాడు, ఇంకో వాద్యం లేదు. బేసు సాధారణంగా వెనక నిలబడే వాద్యం, దానితో ఆల్బమ్‌ను మొదలుపెట్టడానికి సొంత టేపు ఉన్నవాడికే ధైర్యం చాలుతుంది. స్టాన్లీ కవెల్ ఒంటరిగా వాయించిన 'ముసా: యాన్సెస్ట్రల్ స్ట్రీమ్స్' నా ఇరవై మూడింటిలో నాకు అన్నిటికంటే దగ్గరిది. అందులో ఒకచోట ఆయన పియానో వదిలి, బొటనవేళ్లతో మీటే చిన్న ఆఫ్రికా వాద్యం కలింబాను అందుకుంటాడు. పన్నెండు మెట్ల కిన్నెర విని పెరిగిన పాలమూరు చెవికి ఆ గణగణ పరాయిదిగా వినిపించదు. కవెల్ 2020 డిసెంబరులో మరణించినప్పుడు ఆ వైపు మూడుసార్లు తిప్పి విన్నాను. ఈ కంపెనీకి పెద్ద అమ్మకాలు తెచ్చింది మాత్రం గిల్ స్కాట్-హెరన్, బ్రయాన్ జాక్సన్ కలిసి చేసిన 'వింటర్ ఇన్ అమెరికా'. తాగుడుకు బానిసలైనవారి మీద అందులో ఉన్న పాటను జనం బాగా విన్నారు. అమెరికాలో ఉన్న మిత్రుడు పంపిన ఆ సీడీతోనే నాకు ఈ కంపెనీ పేరు తెలిసింది.

ఇప్పుడు మా బావ మాటకు వస్తాను. మొదటి ప్రెస్సింగ్ మీద మమకారానికి కారణం లేకపోలేదు. టేపు తాజాగా ఉన్నప్పుడు దానిలోని ధ్వనిని గాళ్లుగా కోసిన రికార్డు అది, కాలం గడిచేకొద్దీ టేపు పాతబడుతుంది, కొన్ని రీఇష్యూలు అసలు టేపు నుంచి కాక కంప్యూటరులోని ప్రతి నుంచి తయారవుతాయి. నా దగ్గరున్న నాలుగు పాత ప్రతులను నేను కూడా కళ్లకద్దుకొని చూసుకుంటాను. కానీ ఇవాళ ఒక పాత ప్రతికి నేను యాభై వేలు ఇస్తే, అది సేకరించేవారిలో ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారే డబ్బు. అందులో వాయించినవాడికి గానీ, అతని భార్యాపిల్లలకు గానీ ఒక్క రూపాయి చేరదు. హక్కుదారు ఒప్పుకొని వేయించిన రీఇష్యూ కొంటే చేరుతుంది. టేపు వాయించినవాడి చేతిలో ఉండాలన్న పట్టుదలతోనే పుట్టిన కంపెనీ ఇది. అందువల్లే ఒకే సంతకంతో ఈ కంపెనీ రికార్డులన్నిటినీ ఎవరూ మళ్లీ వేయలేరు, ఒక్కో ఆల్బముకు ఒక్కో ఇంటి తలుపు తట్టాలి. 2025లో మాక్ అవెన్యూ అనే అమెరికన్ రికార్డు సంస్థ స్ట్రాటా-ఈస్ట్‌తో ఒప్పందం చేసుకొని వీటిని మళ్లీ తేవడం మొదలుపెట్టినప్పుడు, పోస్టేజీ, సుంకం కలిసి ధర దాదాపు రెట్టింపైనా నేను వెనకాడకపోవడానికి కారణం అదే.

పైగా పాతది ఎప్పుడూ మేలైనదే అన్నది కూడా నిజం కాదు. బిల్లీ హార్పర్ 'కాప్రా బ్లాక్' మొదటి ప్రెస్సింగును ఒక మే నెలలో తెప్పించాను. దారిలో కొరియరు బండి ఎంతసేపు ఎండలో నిలిచిందో గానీ, ఇంటికి వచ్చేసరికి రికార్డు అంచు అప్పడంలా లేచి ఉంది. సూది ఆ అల మీద ఎక్కి దిగుతున్నంతసేపూ శాక్సఫోన్ స్వరం కూడా ఊగుతుంది. అప్పటి నుంచి మార్చి దాటాక ఏదీ తెప్పించను, ఉన్నవాటిని ఎండ పొడ తగలని నడిమి గదిలో నిలువుగా, వాలకుండా పెడతాను. ఆ ఆల్బమును ఇప్పుడు నేను వినేది రీఇష్యూలోనే. 180 గ్రాముల బరువు అని అట్ట మీద బంగారు అక్షరాలతో వేసే మాటను మాత్రం పట్టించుకోవద్దని కొత్తగా కొనేవారికి చెబుతాను. బరువు వల్ల ధ్వని మెరుగుపడదు, ఏ టేపు నుంచి ఎవరు కోశారన్నదే ముఖ్యం.

నిజంగా కోపం రావలసింది దొంగ ప్రతుల మీద. వాటిని కూడా రీఇష్యూ అనే అమ్ముతారు. శాక్సఫోన్ వాయించే ఫారో శాండర్స్ చేసిన 'ఇజిఫో జామ్' ఒకటి అలాగే నా చేతికి వచ్చింది. 1969 జనవరిలో క్లిఫర్డ్ జోర్డన్ దగ్గరుండి రికార్డు చేయించి, నాలుగేళ్ల తర్వాత స్ట్రాటా-ఈస్ట్ ద్వారా విడుదల చేసిన ఆల్బమ్ ఇది. రెండో వైపంతా ఒకే పాట, 28 నిమిషాలకు పైనే. మామూలుగా ఒక వైపు ఇరవై రెండు నిమిషాలు దాటితే గాళ్లను దగ్గరదగ్గరగా కోయాలి, శబ్దం తగ్గించాలి, అందుకే అటువంటి వైపును కోయడానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలి. నాకు వచ్చిన ప్రతిలో ఆ వైపు దుప్పటి కింద నుంచి వినిపించినట్టు ఉంది. గాళ్లు అయిపోయాక మిగిలే నున్నటి భాగంలో కోసినవారి గుర్తు లేదు. హక్కులు ఎవరివో తెలిపే వాక్యం ఎక్కడా లేదు. వెనక అట్టను ఫోటో తీసి అచ్చు వేయడంతో చిన్న అక్షరాలన్నీ అలుక్కుపోయి, వాయించినవారి పేర్లు చదవడానికి రావు. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది అదే. మేస్త్రీ లేకుండా బతకాలని కూడిన గుంపు పేర్లను మళ్లీ ఒక మేస్త్రీ వచ్చి తుడిచేశాడు.

అమ్మినవారికి రాస్తే, రీఇష్యూ అని చెప్పే అమ్మామని, వాపసు తీసుకోబోమని జవాబు వచ్చింది. ఆ ప్రతిని ఇంకొకరికి అమ్మితే నా డబ్బు నాకు వస్తుందని మా బావ సలహా ఇచ్చాడు. నేను ఒప్పుకోలేదు. ఆయన చూస్తుండగానే ముందు అట్ట మీద చెరగని నల్ల పెన్నుతో 'నకలు' అని పెద్దగా రాశాను. తర్వాత ఒక తెల్లకాగితం తీసుకొని, గానం లియోన్ థామస్, గిటారు సానీ షారాక్, పియానో లానీ లిస్టన్ స్మిత్, బేసు సెసిల్ మెక్‌బీ, సిరోన్, డ్రమ్ములు బిల్లీ హార్ట్ అంటూ నాకు తెలిసిన పేర్లన్నీ తెలుగులో వరుసగా రాసి, మడిచి లోపల పెట్టాను. సక్రమమైన ప్రతి రెండు నెలల తర్వాత వచ్చింది. రెండూ ఇప్పుడు పక్కపక్కనే ఉన్నాయి.