అమ్మ కంటి స్కాను బీరువాలో ఉండిపోయింది

మొన్న వేసవిలో అమ్మ తెనాలి నుంచి విదేశంలో ఉన్న మా ఇంటికి వచ్చింది. ఆవకాయ సీసాకి మూడు కవర్లు, ఆ పైన ఓ తువ్వాలు చుట్టి తెచ్చింది. కంటి వెనక పొరల్ని కాంతితో బొమ్మ తీసే ఓసీటీ స్కాను రిపోర్టు మాత్రం తేలేదు.

"ఓసీటీ తీశారుగా అమ్మా, ఆ కాగితాలేవి?"

"ఏం ఫర్లేదన్నార్రా. బీరువాలో పడేశా."

అమ్మకి ఇరవై ఏళ్ళుగా షుగరు. అక్షరాలు అలుక్కుపోతున్నాయంటే ఇక్కడ మళ్ళీ స్కాను తీయించాం. గడ్డం ఆనించి, నుదురు పట్టీకి తగిలించి, లోపలి గుర్తు వైపు కదలకుండా చూడాలి. కొన్ని సెకన్లే. సూది లేదు, కంటిని ఏదీ తాకదు. తెర మీద రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే, చూపునిచ్చే పొర) అడ్డంగా కోసిన మడత కాజాలా పొరలు పొరలుగా కనిపించింది. నడిమధ్య ఉండాల్సిన చిన్న గుంట పూడిపోయి, అక్కడ నీరు చేరిన నల్లటి బుడగలు. "ఈ వాపు కొత్తదా, పాతదా?" అన్నారు డాక్టరమ్మ. ఏం చెప్పను?

1991లో అమెరికాలో ఎంఐటీ బృందం లోకానికి చూపించిన పద్ధతి ఇది. కంట్లోకి పంపిన కాంతి ఏ పొర నుంచి ఎంత తిరిగొచ్చిందో లెక్కగట్టి బొమ్మ గీస్తుంది. నడిమధ్య రెటీనా మందం సుమారు పావు మిల్లీమీటరు. ఇప్పటి యంత్రాలు అందులో ఐదారు మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) తేడా కూడా పట్టేస్తాయి. ఇంత చేసీ, పాత బొమ్మ పక్కన లేకపోతే దాని పని సగమే అయినట్టు. వాపుకి కంట్లో వేసే ఇంజెక్షన్ పనిచేస్తోందా, గ్లాకోమాలో (కంటి నరం దెబ్బతినే జబ్బు) నరం పల్చబడుతోందా అన్నవి ఒక్క బొమ్మతో తేలవు.

పైగా అన్ని యంత్రాలూ రెటీనా మందాన్ని ఒకే పొర నుంచి ఒకే పొర దాకా కొలవవు. ఒకే కంటిని ఒకే రోజు రెండు కంపెనీల యంత్రాల్లో చూస్తే అంకెలు పదుల మైక్రాన్లు మారొచ్చు. అందుకే అంకెల కాగితం ఒక్కటే చాలదు, అసలు బొమ్మలూ, యంత్రం పేరూ కావాలి. (మైనస్ ఏడు, ఎనిమిది అద్దాల వాళ్ళకో మాట: గ్లాకోమా చార్టులో మామూలు కన్నా పల్చన అని చెప్పే ఎరుపు కనబడగానే కంగారు పడకండి. యంత్రం పోల్చి చూసే "మామూలు" కళ్ళలో మీలాంటివి తక్కువ.)

కళ్ళజోడు కొట్లో అదనపు డబ్బులకి తీసే రెటీనా ఫొటో ఇది కాదు. అది పైనుంచి తీసిన ఫొటో, అందులో వాపు తప్పిపోవచ్చు. ఇక్కడికి చూడ్డానికొచ్చే పెద్దవాళ్ళకి తీసుకునే విజిటర్ ఇన్సూరెన్సు పాత జబ్బులకి సాధారణంగా పైసా ఇవ్వదు కాబట్టి మళ్ళీ తీయిస్తే ఖర్చు మనదే.

ఇక్కడి మన తెలుగు సంఘం ఆరోగ్య శిబిరాల్లో బీపీ, షుగరు బల్లల పక్కన ఇంకో బల్ల వేద్దాం: పెద్దవాళ్ళ స్కాన్లు ఫోన్లోకి ఎక్కించి, తేదీల వారీగా సర్దిపెట్టడానికి. డాక్టరు అక్కర్లేదు, ఓపికున్న కుర్రాడు చాలు.

ఆ రాత్రి నాన్న బీరువా వెతికి వాట్సాప్‌లో ఫొటో పంపారు. ఫ్యాను గాలికి కాగితం మడత పడింది, బొటనవేలు అడ్డం. తేదీ కనిపించింది, బొమ్మ కనిపించలేదు. "మూలన ఓడీ అని ఉన్నది కుడికన్ను నాన్నా, ముందు అది తీసి పంపండి" అన్నాను.