ఆ పాక్ చాయ్ మెసేజ్ ఇక నాకు పంపకండి

నిన్నటితో ఏడోసారి. ‘చైనా ఆకుకూర పాక్ చాయ్‌ని మిద్దె మీద పన్నెండు నెలలూ పెంచండి, పొద్దున్నే రెండు గ్లాసుల పచ్చి రసం తాగండి, థైరాయిడ్ మాత్ర మానేయండి’ అంటూ అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఆఫీసు మిత్రులు పంపారు, చివరికి మా పిన్ని కూడా. పిన్నికి ఫోన్లో చెప్పాను. మిగతావాళ్లకు ఇక్కడ.

పన్నెండు నెలలూ వస్తుందట. హైదరాబాద్ ఏప్రిల్ ఎండలో మా మిద్దె మీద వేస్తే, గుప్పెడు ఆకు కోయకముందే కాడ సాగి పూతకొచ్చింది. ఆవాల కుటుంబం మరి, వేడి తగిలినా పగలు పొడుగైనా అంతే. దసరా దాటాక విత్తనం వేయండి, 45 రోజుల్లో కోసుకోవచ్చు.

మొదలు కోసి నీళ్లలో పెడితే మళ్లీ మొక్కవుతుందా? నాలుగు చిట్టి ఆకులు, ఆపైన పువ్వు. ఆకుకు చిల్లులుంటే మందు కొట్టలేదని గుర్తు, కడగక్కర్లేదట. పురుగుందని గుర్తు. కడగండి.

ఇక థైరాయిడ్. ఈ జాతి ఆకుల్లో గ్లూకోసినోలేట్లు అనే రసాయనాలు ఉంటాయి. పచ్చిగా నమిలినా, మిక్సీలో వేసినా ఆకులోని మైరోసినేజ్ ఎంజైమ్ వాటిని విడగొడుతుంది. అలా పుట్టేవాటిలో కొన్ని థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అందకుండా అడ్డుపడతాయి. ఉడికిస్తే ఆ ఎంజైమ్ చాలావరకు చచ్చిపోతుంది. 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక కేసు రాశారు. 88 ఏళ్ల చైనా ఆవిడ షుగర్ తగ్గుతుందని రోజూ కిలో నుంచి కిలోన్నర పచ్చి పాక్ చాయ్ నెలల తరబడి తిన్నది. నడవలేక, మింగలేక ఆసుపత్రికి చేరితే థైరాయిడ్ పడిపోయి వచ్చే మిక్సిడీమా కోమా అని తేల్చారు. అంత ఎవరు తింటారంటారా? నిజమే, సలాడ్‌లో నాలుగాకులకు ఏమీ కాదు. కానీ ఈ మహానుభావుడు చెప్పేది రోజూ రెండు గ్లాసులు, అదీ మాత్ర మానేసి, అదీ థైరాయిడ్ ఉన్నవాళ్లకే! తర్వాతి మెసేజ్‌లో షుగర్‌కు జిలేబీ రాస్తాడేమో, ఎదురుచూస్తున్నాను.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పూతకొస్తే పారేయొద్దు, కాడలూ పూలూ తినొచ్చు అని చివరి లైన్లో ఉంది. అది నిజమే. పాక్ చాయ్‌కి దగ్గరి చుట్టమైన చోయ్ సమ్ అనే ఆకుకూరని చైనావాళ్లు పూకాడలతోనే వండుకుంటారు. నేనేమో ఏప్రిల్ మొక్కలన్నీ పీకి కంపోస్టు డబ్బాలో వేశాను. పిన్ని తన కుండీలోవి వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి వేపుడు చేసి పంపింది. గిన్నె ఖాళీ అయ్యాకే ఇది రాయడానికి కూర్చున్నాను.