సవరణ: పిల్లల వయొలిన్ సైజు గురించి మొన్న తప్పు రాశాను

విజయనగరంలో మా అమ్మాయిని వయొలిన్ పాఠాలకు పంపడం గురించి మొన్న రాస్తూ, ఏడేళ్ల పిల్లకైనా నేరుగా ఫుల్ సైజే కొనేయండి, ఎలాగూ పెరుగుతారు కదా అన్నాను. అది తప్పు, దయచేసి అలా కొనకండి.

చిన్న చేతికి పెద్ద వాయిద్యం ఇస్తే చిటికెన వేలు తన స్థానానికి అందదు, అందించాలని మణికట్టు వంచేస్తారు, స్వరం కాస్త కిందకి పలుకుతుంది, పిల్ల చెవి ఆ అపశ్రుతికే అలవాటు పడిపోతుంది, తర్వాత సరిచెయ్యడం చాలా కష్టం. మా ఇంట్లో జరిగింది ఇదే. మొట్టమొదటి పాఠాలైన సరళీ స్వరాలు మళ్లీ మొదటి నుంచి, ఈసారి హాఫ్ సైజు మీద. హాఫ్, త్రీక్వార్టర్ అని చిన్న సైజులు ఉంటాయి. కొనేముందు పిల్లని మేష్టారి దగ్గర కూర్చోబెట్టి, చెయ్యి కొలిపించండి.

శ్రుతి మాట కూడా సరిగ్గా రాయలేదు. పాశ్చాత్య పద్ధతిలో తీగలు జి, డి, ఎ, ఇ. మన కర్ణాటక పద్ధతిలో స, ప, స, ప. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పాశ్చాత్య పద్ధతిలో చూపించినట్టు తీగలు బిగించే బిరడాలు తిప్పేస్తే ఇంట్లో సాధన మేష్టారి శ్రుతికి కలవదు.

ఇంకొకటి, విజయనగరం మహారాజా సంగీత కళాశాల మొదటి ప్రిన్సిపాల్ ద్వారం వెంకటస్వామి నాయుడు గారని రాశాను. కాదు, 1919లో ఆ పదవిలో ఉన్నది ఆదిభట్ల నారాయణదాసు గారు. నాయుడు గారు అప్పుడు వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. మన ఊరి విషయమే తప్పు రాసినందుకు బాధగా ఉంది.