రైతుబజార్ ధరల బోర్డు గారికి

అయ్యా,

నేను తమరికి గుర్తుండకపోవచ్చు. ప్రతి ఆదివారం పొద్దున్నే రెండు గుడ్డసంచులు పట్టుకుని గేటు దగ్గర ఆగి, మిమ్మల్ని పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చదివి నిట్టూర్చే మనిషిని. మిమ్మల్ని చూసి అందరూ జేబు తడుముకుంటారు. నేను మాత్రం మా మిద్దె మీది తోటని తలుచుకుంటాను.

మా తాత ఆరెకరాలు అమ్మి మా నాన్నని చదివించాడు. నాన్న ఉద్యోగం చేసి మట్టి అంటకుండా నన్ను పెంచాడు. ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఆ ఆరెకరాలనూ ఒక్కో గ్రోబ్యాగ్ (మొక్కలు పెంచే సంచి) చొప్పున తిరిగి కొంటున్నాను.

లెక్క చెబుతాను, తమరు లెక్కల మనిషి కాబట్టి. గ్రోబ్యాగులు 24. నీళ్లలో వేస్తే ఉబ్బి బాత్రూమంతా ఆక్రమించిన కొబ్బరిపొట్టు ఇటుకలు రెండు. వర్మీకంపోస్టు, వేపపిండి, ఆకుపచ్చ షేడ్‌నెట్, అది కట్టడానికి వెదురు బొంగులు, ఆ బొంగులు మోసుకొచ్చిన ఆటో. అన్నీ కలిపి 8,640 రూపాయలు. దసరాకి మొదలైన వ్యవసాయం ఉగాదికి ఇచ్చిన దిగుబడి 18 టమాటాలు. మెంతికూర కట్టన్నరని, కోతి కొరికి వదిలేసిన వంకాయని ఉదారంగా లెక్కలోంచి తీసేశాను. టమాటా ఒక్కింటికి 480 పడింది.

అదే వారం తమరు సుద్దముక్కతో ఏం రాయించుకున్నారు? టమాటా కిలో 12.

అంటే నా ఒక్క కాయకి మీ దగ్గర 40 కిలోలు వస్తాయి. కాస్త ముందూ వెనకా చూసుకోవద్దా! ఆ 480 రూపాయల కాయని మా ఆవిడ చారులో పిసికేసింది. నేను ఫోటో కూడా తీసుకోలేదు.

మీ వంశం మీద నాకు గౌరవమే. ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరి 26న మీరు పుట్టారు, మధ్యలో దళారి లేకుండా రైతే నేరుగా అమ్ముకోవాలని. హోల్‌సేల్ రేటు కన్నా కాస్త ఎక్కువ, బయటి కొట్టు కన్నా కాస్త తక్కువ చూసి మీ మీద ధర కడతారు. బాగుంది. మరి మిద్దె రేటు ఎవరు చూస్తారు? శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది, దాని వెనకాలే నా టమాటా పూత కూడా రాలిపోయింది. రోజుకి రెండు పూటలా బకెట్లు మోసిన నా నడుముకి మీ మీద ఒక గడి అయినా లేదు.

అయినా వస్తాను. ఈ రోజుల్లో మీ వెనక ఉండే లోకం అలాంటిది. ముచ్చికల దగ్గర సొన ఇంకా ఆరని పచ్చిమామిడి కాయలు, గింజ తీసి ముద్ద కట్టిన కొత్త చింతపండు, నా ఎత్తున్న ములక్కాడల కట్టలు, పండగకి నాలుగు రోజుల ముందు నుంచి తడిగుడ్డలో వేపపువ్వు. ఆకుకూరల మీద నీళ్లు చిలకరిస్తుంటే వచ్చే వాసన మా షేడ్‌నెట్ కింద ఎంత వెతికినా దొరకదు.

మీకు ఎదురుగా గోనెపట్టా పరుచుకుని ఒక పెద్దమ్మ కూర్చుంటుంది, చూసే ఉంటారు. మా బీరతీగ గురించి ఆవిడకి చెప్పుకున్నాను. పూలు బోలెడు, కాయ ఒక్కటి లేదు. ఆవిడ నవ్వి, "బీర పొద్దుగూకే యాళ్లకు పూస్తది సారూ. ఎన్క చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు. మగపువ్వు తెంపి దానికి రాయాలె. మీ మిద్దెలు ఎక్కి రానీకి తేనెటీగలకు లిఫ్టున్నదా?" అంది. ఇంత సలహా ఉచితంగా పుచ్చుకుని, కొత్తిమీర కూడా ఉచితంగా వెయ్యమన్నాను. వేసింది.

తర్వాత చింతచిగురు అడిగాను. వంద గ్రాములు 40 అంది. అప్పుడు నాకు మీరు గుర్తొచ్చారు. ఏడాది పొడుగునా మిమ్మల్ని తిట్టుకునే నేను మీ వైపే వేలు చూపించి, "బోర్డు మీద చింతచిగురు రేటే లేదు కదమ్మా, 40 అని ఎవరు పెట్టారు?" అని నిలదీశాను.

ఆవిడ మిమ్మల్ని ఒకసారి చూసి, "బోర్డు చెట్టెక్కుతదా సారూ?" అంది.

మీరూ ఏమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. 40 ఇచ్చాను. 35 కి అడిగిన మాట నిజమే గానీ, అది లేఖలో రాయక్కర్లేదనుకున్నాను.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. తోట ఎలా ఉందో చూపిద్దామని ఫోన్‌లో వంకాయ మొక్క ఫోటో తెరిచాను. ఆవిడ మొక్కని చూడలేదు. దాని మొదట్లో పాకిన కలుపుని రెండు వేళ్లతో పెద్దది చేసి చూసి, "గిదంత గంగవాయిలి కూర గాదా? ఏం జేస్తున్నరు దీన్ని?" అంది.

పీకి చెత్తబుట్టలో వేస్తున్నాను. దసరా నుంచి వారం వారం, దోసిళ్లకొద్దీ. మీ మీద నాలుగో వరసలో చూస్తే గంగవాయిలి కూర, కట్ట 10. పోయిన ఆదివారం రెండు కట్టలు కొనుక్కెళ్లింది కూడా నేనే. పప్పులో బాగుంది.

కాబట్టి నా మనవి ఒక్కటే. వచ్చే వారానికి ఆ కూర రేటు కొంచెం పెంచి రాయించుకోగలరు.

ఇట్లు,
గ్రోబ్యాగుల రైతు

తా.క.: మనవి వెనక్కి తీసుకుంటున్నాను. ఇంటికెళ్లగానే ఒక బ్యాగులో టమాటా మొక్క పీకేసి, గంగవాయిలికి వర్మీకంపోస్టు వేసి, రెండు పూటలా నీళ్లు పోశాను. నాలుగో రోజుకి మొదలు కుళ్లిపోయింది.