సవరణ: జాగ్వార్ డి-టైప్ గురించి రాసిన దాంట్లో ఒక పెద్ద తప్పు

ఫ్రాన్స్‌లో జరిగే లీ మాన్ 24 గంటల రేసును 1956, 1957లో రెండుసార్లూ స్కాట్లాండ్ జట్టు ఎకూరీ ఎకోస్ ఒకే డి-టైప్‌తో (ఇది జాగ్వార్ కంపెనీ రేసు కారు) గెలిచిందని ఇంతకుముందు రాశాను. అది తప్పు. గెలిచినవి రెండు వేర్వేరు కార్లు.

1956లో గెలిచింది ఎక్స్‌కేడీ 501 (ఇది ఛాసిస్ నంబర్, అంటే కారు చట్రానికి ఇచ్చే గుర్తింపు నంబర్). ఇంజిన్ 3.4 లీటర్లు, నడిపింది రాన్ ఫ్లాక్‌హార్ట్, నినియన్ శాండర్సన్. 1957లో గెలిచింది ఎక్స్‌కేడీ 606. ఇంజిన్ 3.8 లీటర్లు, ఫ్లాక్‌హార్ట్‌తో పాటు ఐవర్ బ్యూబ్ నడిపాడు. ఆ ఏడాది మొదటి నాలుగు స్థానాలూ డి-టైప్‌లవే.

పొరపాటు ఎక్కడ జరిగిందంటే, రెండింటిదీ అదే స్కాట్లాండ్ జెండా నీలం, డ్రైవర్ సీటు వెనక నుంచి లేచే అదే రెక్క. పైగా ఫ్లాక్‌హార్ట్ రెండుసార్లూ ఉన్నాడు. ఫొటోలు చూసి నమ్మేశాను, ఛాసిస్ నంబర్ చూడలేదు. పాత రేసు కార్ల విషయంలో ముందు చూడాల్సింది అదే. రేసు రేసుకీ ఇంజిన్లు, బాడీ భాగాలు మారిపోతుంటాయి, రెస్టోరేషన్‌లో ఇంకా మారతాయి. నంబర్ వెంట వెళ్తేనే యజమానుల వరస తెలుస్తుంది.

2016 ఆగస్టులో అమెరికాలోని మాంటెరీ వేలంలో సుమారు 2.18 కోట్ల డాలర్లు పలికింది 501. ఆ ధరను "రెండుసార్లు గెలిచిన కారు"కి ముడిపెట్టిన వాక్యాన్ని తీసేశాను. ముందు రాసినప్పుడు శాండర్సన్ పేరు కూడా వదిలేశాను, ఇప్పుడు చేర్చాను. క్షమించండి.